సైప్రస్‌లో పెళ్లి, ఆ తర్వాత వారం సెలవు: కాగితాలు, ముహూర్తం, అమ్మానాన్నల వీసా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గవ్వల సవ్వడి:

అందరికీ నమస్తే. మాది కాకినాడ, ఆరేళ్లుగా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నేను పెళ్లి చేసుకోబోయే అబ్బాయిది లెబనాన్, బీరూట్ దగ్గర ఊరు, క్రైస్తవ కుటుంబం. ఇద్దరికీ జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది, పాస్‌పోర్ట్‌లు మాత్రం ఎవరి దేశానివి వాళ్లవే.

సైప్రస్ ఎందుకంటే, ఇక్కడ జర్మనీలో ఇద్దరు విదేశీయులు పెళ్లి చేసుకోవాలంటే, పెళ్లికి అడ్డంకి లేదని సొంత దేశం ఇచ్చిన పత్రం తెమ్మంటారు, అలాంటి పత్రం ఇవ్వని దేశాల వాళ్లయితే పై కోర్టు నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి, అది నెలల తరబడి సాగుతుంది. లెబనాన్‌లో చేసుకుందామంటే అక్కడ పెళ్లిళ్లన్నీ మతాల చట్టాల కిందే, సివిల్ మ్యారేజ్ అనేదే లేదు. కానీ వేరే దేశంలో చేసుకున్న సివిల్ పెళ్లిని ఆ దేశం గుర్తిస్తుంది. అందుకే మతాలు వేరైన జంటలు, మతంతో పని లేకుండా చేసుకోవాలనుకునే జంటలు అక్కడి నుంచి ఏళ్లుగా సైప్రస్ వెళ్తున్నారు. బీరూట్ నుంచి సైప్రస్‌లోని లార్నకాకి విమానంలో గంట కూడా పట్టదు. వాళ్ల అన్నయ్య, పిన్ని కూతురు ఇద్దరి పెళ్లిళ్లూ అలాగే అయ్యాయి. డెన్మార్క్‌లో పెళ్లి తేలికన్న సంగతి నాకు తెలుసు, ఇక్కడి స్నేహితులు చాలామంది అక్కడే చేసుకున్నారు, కానీ మాకు రెండు కుటుంబాలూ పక్కన ఉండాలి, ఆ తర్వాత ఒక వారం అందరం సముద్రం పక్కన గడపాలి అని కోరిక. సైప్రస్‌లోనే పాఫోస్ అనే ఊరు అనుకుంటున్నాం.

ఇక అసలు విషయం. అమ్మ ఒప్పుకుంది. నాన్న కాదనలేదు, అలాగని అవుననలేదు. సైప్రస్ అన్న మాట రాగానే "భోజనం చేశావా తల్లీ" అని మాట మార్చేస్తున్నారు. నెల రోజులైంది. ఆయన రోజూ పంచాంగం చూసే మనిషి. నాకు జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, మంగళసూత్రం అన్నీ కావాలి, అవి లేకుండా నాకు పెళ్లి అయినట్టు ఉండదు, ఇది నాన్న కోసం చెబుతున్న మాట కాదు. ముందు ఏ కాగితాలతో మొదలుపెట్టాలి, ఆ పెళ్లి ఇండియాలో చెల్లుతుందా, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి వీసా ఎలా, అక్కడ సముద్రం ఒడ్డున మన పద్ధతిలో చేయడం కుదురుతుందా, ఏ నెల మంచిది. తెలిసినంతవరకు చెప్పండి. నిద్ర పట్టడం లేదు.

---

పాత రికార్డులు, విజయవాడ:

అమ్మా, నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిని. చట్టం వరకు నాకు తెలిసింది చెబుతాను, సముద్రం గురించి మిగతావాళ్లు చెబుతారు.

మొదట ఒక విషయం మనసులో స్పష్టం చేసుకో. మీ ఇద్దరి విషయంలో హిందూ వివాహ చట్టం, 1955 వర్తించదు. ఆ చట్టం కింద పెళ్లి కావాలంటే వధూవరులిద్దరూ హిందువులై ఉండాలి. అంటే జీలకర్ర బెల్లం, సప్తపది ఎంత శాస్త్రోక్తంగా జరిగినా చట్టం లెక్కలో అది పెళ్లి కాదు. మనసు లెక్క వేరు, దాని గురించి నేను మాట్లాడటం లేదు. మీకు చట్టబద్ధమైన పెళ్లి అంటే సైప్రస్ మునిసిపాలిటీలో జరిగే ఆ సివిల్ పెళ్లే. దానికి ఒకే తేదీ, ఒకే సర్టిఫికెట్. చాలామంది పిల్లలు "ఎందుకైనా మంచిది" అని ఇక్కడికొచ్చి స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద ఇంకోసారి పెళ్లి చేసుకుని రెండు తేదీలతో రెండు సర్టిఫికెట్లు పెట్టుకుంటారు, తర్వాత వీసా ఫారాల్లో పెళ్లి తేదీ ఏది రాయాలో తెలియక ఇబ్బంది పడతారు. ఆ పని చేయకు.

విదేశాల్లో జరిగే పెళ్లిళ్లకి మనకి విదేశీ వివాహ చట్టం, 1969 ఉంది. జంటలో ఒకరైనా భారత పౌరులైతే చాలు. అందులో 17వ సెక్షన్ ప్రకారం, ఆ దేశపు చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని మన రాయబార కార్యాలయంలోని వివాహ అధికారి దగ్గర నమోదు చేయించుకోవచ్చు. సైప్రస్ రాజధాని నికోసియాలో మన హైకమిషన్ ఉంది. పెళ్లికి ముందే వాళ్లకి మెయిల్ రాసి ఏమేం తేవాలో కనుక్కో. ఈ నమోదు ఎందుకంటే, రేపు మీ ఆయనకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులు వీసా లేకుండా ఇండియాకి వచ్చిపోవడానికి ఇచ్చే కార్డు) కావాలంటే పెళ్లి నమోదై ఉండాలి, నమోదైన ఆ బంధం కనీసం రెండేళ్లు కొనసాగి ఉండాలి. ఇప్పుడు బద్ధకిస్తే అప్పుడు ఆ రెండేళ్ల లెక్క దగ్గర ఆగిపోతారు.

ఇక జనన ధృవీకరణ పత్రం. అందరూ చిక్కుకునేది ఇక్కడే. ఇప్పుడే లేచి నీది తీసి చూడు. అందులో నీ పేరు ఉందా? 1990ల్లో పుట్టిన పిల్లల పత్రాల్లో చాలావాటిలో "ఆడ శిశువు" అని ఉంటుంది గానీ పేరు ఉండదు. ఉన్నా ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో మాత్రం పూర్తిగా ఉంటుంది. పరాయి దేశంలో కూర్చున్న అధికారికి అవి రెండూ ఒకే మనిషివని ఎలా తెలుస్తుంది? పేరు చేర్పించడం, ఇంటిపేరు సరిచేయించడం మీ నాన్నగారే వెళ్లి చేయించగలరు, కానీ వారాలు పడుతుంది. ఆ తర్వాత రాష్ట్ర స్థాయిలో ధృవీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే ఒప్పందంలో ఉన్న దేశాల్లో ఆ కాగితం చెల్లేలా వేసే ముద్ర. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది, సైప్రస్ కూడా ఉంది, కాబట్టి ఆ ముద్ర ఉంటే అక్కడ చెల్లుతుంది. పెళ్లి కాలేదన్న పత్రం కోసం మాత్రం ఇండియా దాకా రానక్కర్లేదు, నువ్వు ఉండేది ఫ్రాంక్‌ఫర్ట్ కాబట్టి అక్కడి మన కాన్సులేట్‌లో అడుగు.

---

చలిలో చింతచెట్టు, డబ్లిన్:

హాయ్. మా పెళ్లి రెండేళ్ల క్రితం మే నెలలో పాఫోస్‌లోనే అయింది. మేమిద్దరం తెలుగువాళ్లమే, కానీ అక్కడి సివిల్ పెళ్లి, మన పెళ్లి రెండూ చేసుకున్నాం, అందుకే రాస్తున్నాను.

సివిల్ పెళ్లి నిజంగా తేలిక. ఏ ఊళ్లో చేసుకోవాలనుకుంటే ఆ మునిసిపాలిటీకి నోటీసు ఇవ్వాలి, ఇద్దరూ స్వయంగా వెళ్లి అధికారి ముందు సంతకం చేయాలి. మామూలు పద్ధతి అయితే నోటీసు ఇచ్చిన 15 రోజుల తర్వాతే పెళ్లి, మూడు నెలల లోపు అయిపోవాలి. అన్ని రోజులు ఎవరు ఉంటారు, అందుకని ఎక్కువ ఫీజు కట్టి ప్రత్యేక అనుమతి తీసుకుంటే కొద్ది రోజుల్లోనే చేస్తారు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లు దాదాపు అందరూ అదే తీసుకుంటారు. మేము సోమవారం దిగాం, మంగళవారం కాగితాలు, గురువారం పెళ్లి. ఇద్దరు సాక్షులు కావాలి. అంతా ఇంగ్లిషులోనే, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆ ఆఫీసులో గోడ పక్కన మా వెనక లెబనాన్ జంట ఒకటి, ఇజ్రాయెల్ జంట ఒకటి వరసలో కూర్చున్నారు. ఇజ్రాయెల్‌లోనూ సివిల్ పెళ్లి లేదట. ఒక దేశంలో చేసుకోలేనివాళ్లు, ఇంకో దేశంలో చేసుకోలేనివాళ్లు అందరూ ఒకే బెంచీ మీద పూలు పట్టుకుని కూర్చోవడం చూస్తే నాకు గొంతు పట్టేసింది. మా అత్తగారు వాళ్లందరికీ తలా ఒక కాజా పెట్టారు.

కాగితాలు ముందుగా స్కాన్ చేసి పంపండి, వాళ్లు చూసి సరే అన్నాకే టికెట్లు కొనండి. నా జనన ధృవీకరణలో అమ్మ పేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఒకలా ఉంది, అది సరిచేయించడానికి మా ఊరి ఆఫీసు చుట్టూ మా తమ్ముడు ఆరుసార్లు తిరిగాడు. పైన అంకుల్ చెప్పింది అక్షరాలా నిజం.

రెండో రోజు మన పెళ్లి. ఇక్కడ కొన్ని చెప్పాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు సూట్‌కేసులో తెచ్చేవాటి మీద యూరోపియన్ యూనియన్ నిబంధనలు ఉన్నాయి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు తేకూడదు. ఆకులు, పూలు, చాలా రకాల పళ్లు ఆరోగ్య ధృవీకరణ లేకుండా తేకూడదు, అంటే తమలపాకులు, మామిడాకులు, కరివేపాకు తేలేరు. కొబ్బరికాయకి మాత్రం మినహాయింపు ఉంది, అరటిపండుకీ ఉంది. మా పిన్ని తమలపాకులు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది, లార్నకా ఎయిర్‌పోర్ట్‌లో తీసి పక్కన పడేశారు, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. జీలకర్ర, బెల్లం, పసుపు కొమ్ములు, బాసికాలు, అడ్డుతెర మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి. తలంబ్రాలకి బియ్యం అక్కడే కొన్నాం.

మామిడాకుల తోరణం లేదని అమ్మ బెంగపడుతుంటే, హోటల్ తోటమాలి ఆలివ్ కొమ్మలు కోసి తెచ్చాడు. ఆ ఆకు పైన ఆకుపచ్చ, అడుగున వెండి రంగు. పసుపు దారానికి వాటిని కట్టి వేలాడదీస్తే గాలికి ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి తెల్లగా మెరిసేది. అరటి చెట్లు మాత్రం పాఫోస్‌లో నిజంగానే ఉన్నాయి! ఊరికి ఉత్తరాన పేయా వైపు అరటి తోటలు చాలా కనిపిస్తాయి. ఒక రైతుని అడిగితే రెండు పిలకలు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు, పెళ్లికని చెప్తే ఇంకో గెల కూడా కారులో పెట్టాడు.

ముహూర్తం గురించి ఇది మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. హైదరాబాద్ పంచాంగంలో టైమ్ చూసి గంటలు తీసేసి పెట్టుకోవడం తప్పు. లగ్నం ఆ చోటి అక్షాంశ రేఖాంశాలని బట్టి, అక్కడి సూర్యోదయాన్ని బట్టి లెక్కకట్టాలి. మా పురోహితుడు గారు పాఫోస్‌కి విడిగా గణించి ఇచ్చారు. ఎండాకాలంలో మనకి, వాళ్లకి రెండున్నర గంటల తేడా, చలికాలంలో మూడున్నర.

ఇంకోటి, అరుంధతీ నక్షత్రం. మన పెళ్లిళ్లలో పట్టపగలు పందిరి బయటికి తీసుకొచ్చి "కనిపించిందా" అంటే "కనిపించింది" అని తలూపుతాం కదా. అక్కడ మే నెలలో రాత్రి పది గంటలకి సప్తర్షి మండలం దాదాపు నడినెత్తిన ఉంటుంది. భోజనాలయ్యాక ఒడ్డున దీపాలు లేని చోటికి వెళ్లి నిలబడ్డాం. మా ఆయన వసిష్ఠుడిని వెతికి, దాని పక్కన ఆ చిన్న చుక్కని చూపించాడు. నిజంగా చూశాను.

---

గవ్వల సవ్వడి:

పాత రికార్డులు అంకుల్, మీరు చెప్పగానే తీసి చూశాను. పేరు ఉంది, ఇంటిపేరు ఒక్క అక్షరమే. ఇంకా నాన్నకి చెప్పలేదు.

చలిలో చింతచెట్టు, మీరు రాసింది రెండుసార్లు చదివాను, ఆలివ్ కొమ్మల దగ్గర ఏడ్చేశాను. హోమం సంగతి చెప్పండి, హోటల్ వాళ్లు నిప్పు పెట్టనిస్తారా? ఇంకా అమ్మానాన్నల వీసా? మా అమ్మ శాకాహారి, నాన్న ఆరోగ్యరీత్యా ఉప్పు తగ్గించి తినాలి, వారం రోజులు అక్కడ ఏం తింటారు?

---

కరీంనగర్ పోరడు, నికోసియా:

అక్కా, నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి నాలుగేళ్లు, ఇప్పుడు ఇక్కడే పని చేస్తున్నా. మన తెలుగు పిల్లలు ఈ దీవిలో చాలామందే ఉన్నారు, ఆపద వస్తే పలికేవాళ్లు ఉన్నారని ముందు గుర్తుపెట్టుకోండి.

నిప్పు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎండాకాలంలో ఇక్కడ నెలల తరబడి దాదాపు వానే ఉండదు, గడ్డంతా ఎండిపోయి అగ్గిపెట్టెలా ఉంటుంది. 2025 జూలైలో లిమసోల్ కొండల్లో వచ్చిన కార్చిచ్చులో ఊళ్లకి ఊళ్లే కాలిపోయాయి, మనుషులు పోయారు. నికోసియాలో మా బాల్కనీ మీద కూడా వాసన వచ్చింది. అందుకే హోమం అంటే హోటల్ వాళ్లు భయపడటంలో న్యాయం ఉంది. చిన్న హోమగుండం ఫొటో ముందే పంపించి, రాళ్లు పరిచిన చోట, చెట్లకి దూరంగా, నీళ్లు పక్కన పెట్టుకుని చేస్తామని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటిమాట వద్దు, ఆ రోజు డ్యూటీలో వేరే మేనేజర్ ఉంటే మొత్తం ఆగిపోతుంది. గాలి మధ్యాహ్నం తర్వాత పెరుగుతుంది, పొద్దుటి ముహూర్తమైతే సముద్రం కూడా నిమ్మళంగా ఉంటుంది, పట్టుచీరలో చెమట పట్టదు.

నెల సంగతి. జూలై, ఆగస్టు వద్దు. అంటే శ్రావణ ముహూర్తాలు ఇక్కడికి పనికిరావు. నికోసియాలో అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది, ఒడ్డున కొంచెం తక్కువ గానీ ఉక్కపోత. పైగా ఆగస్టు 15 ఇక్కడ మరియమ్మ పండుగ, ఆ వారం అంతా దీవిలో వాళ్లే సెలవుల మీద ఉంటారు, గదులు దొరకవు. వైశాఖం బంగారం లాంటి కాలం. కార్తీకం కూడా మంచిదే, సముద్రం నీళ్లు అప్పటికి ఇంకా వెచ్చగానే ఉంటాయి, ఒకటి రెండు వానలు పడొచ్చు. వైశాఖం అనుకుంటే ఇక్కడి ఆర్థడాక్స్ ఈస్టర్ ఎప్పుడొస్తుందో చూసుకోండి, ఆ రోజుల్లో ఆఫీసులు మూస్తారు.

తిండి గురించి అసలు టెన్షన్ పడకండి. అమ్మగారికి ఒక్క మాట నేర్పండి, "నిస్తీసిమా". ఇక్కడి చర్చి ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు లేకుండా తినే భోజనం అది. ఏ చిన్న హోటల్‌లో అడిగినా అర్థమవుతుంది, అయితే కొన్నిసార్లు అందులో రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి కూడా పెడతారు, అవి వద్దని విడిగా చెప్పాలి. మన బొబ్బర్లని ఇక్కడ "లూవి" అంటారు, ఆకుకూరతో ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పిండి పెడతారు, ఉప్పు మీరు ఎంతంటే అంత. ఇంకా చేమదుంపలు! ఇక్కడ "కొలొకాసి" అంటారు, అయానాపా దగ్గర సోతీరా ఊరి చేమదుంపకి యూరోపియన్ యూనియన్ గుర్తింపు కూడా ఉంది. మొదటిసారి మార్కెట్‌లో మట్టి కొట్టుకుని ఉన్న ఆ దుంపలు చూసినప్పుడు మా నాయనమ్మ యాదికొచ్చి అక్కడే నిలబడిపోయిన. హలూమి చీజ్ అందరూ తినమంటారు, బాగుంటుంది, ఎండాకాలంలో పుచ్చకాయ ముక్కతో కలిపి తింటారు, కానీ చాలా ఉప్పుగా ఉంటుంది, నాన్నగారికి వద్దు. అమ్మగారు గట్టి శాకాహారి అయితే దాన్ని ఏ రెనెట్‌తో (పాలు విరగ్గొట్టే పదార్థం) చేశారో ప్యాకెట్ మీద చూడండి, అది జంతువుల నుంచి తీసింది కూడా ఉంటుంది.

తప్పు చేయకూడనిది ఒకటి చెప్తా. ఈ దీవి 1974 నుంచి రెండుగా ఉంది. ఉత్తరం వైపు ఉన్న ప్రభుత్వాన్ని తుర్కియే (టర్కీ) తప్ప ఎవరూ గుర్తించరు. చవగ్గా వస్తుందని ఉత్తరం వైపు ఎర్జాన్ ఎయిర్‌పోర్ట్‌కి టికెట్ కొనకండి, సైప్రస్ ప్రభుత్వం లెక్కలో అది అక్రమ ప్రవేశం. అక్కడి హోటళ్లు పెళ్లి ప్యాకేజీలు చూపిస్తాయి, ఆ సర్టిఫికెట్ పట్టుకుని జర్మనీలోనో ఇండియాలోనో తిరగలేరు. దక్షిణంలో దిగండి, లార్నకా లేదా పాఫోస్. చూడటానికైతే నికోసియాలో లెద్రా వీధి మధ్యలో పాస్‌పోర్ట్ చూపించి దాటే చోటు ఉంది. దాటేముందు మీ పాస్‌పోర్ట్‌లకీ, వీసాలకీ తిరిగి రావడం ఇబ్బంది కాదని కనుక్కోండి, అద్దె కారు ఇన్సూరెన్స్ అటువైపు చెల్లదు.

అద్దె కారు తీసుకుంటే ఇక్కడ మనలాగే ఎడమవైపు నడుపుతారు, ఇంగ్లిషువాళ్లు ఏలిన దేశం కదా, ప్లగ్గులు కూడా వాళ్ల మూడు పిన్నులవే. పెళ్లయ్యాక అందరూ హోటల్ కొలను చుట్టే తిరగకండి. పెద్దవాళ్లని ఒక రోజు ట్రూడోస్ కొండల మీదికి తీసుకెళ్లండి, చల్లగా ఉంటుంది, చెక్క కప్పు కింద గోడలంతా బొమ్మలు వేసిన పాత చర్చిలు ఉన్నాయి, పది చర్చిలకి యునెస్కో గుర్తింపు ఉంది. మీ అత్తగారి వాళ్లకి నచ్చుతాయి. లెఫ్కారా ఊళ్లో ఆడవాళ్లు గుమ్మాల ముందు కూర్చుని లేసు అల్లుతుంటారు, మీది గోదావరి జిల్లా కదా, నర్సాపురం లేసు చూసిన కళ్లు అక్కడ తప్పకుండా ఆగుతాయి. ఆఫ్రొడైటీ పుట్టిందని చెప్పే రాయి పాఫోస్, లిమసోల్ మధ్య రోడ్డు పక్కనే ఉంది, సాయంత్రం వెళ్లండి, ఈత మాత్రం వద్దు, అక్కడ అలలు మోసం చేస్తాయి.

---

రాజమండ్రి అమ్మ:

తల్లీ, నేను పెళ్లికూతురి తల్లిగా చెబుతున్నాను. మా అమ్మాయి పెళ్లి కూడా ఆ దీవిలోనే అయింది, మా అల్లుడిది ఇటలీ.

వీసా ముందు. మేము మా అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) తీసుకున్నాం, ఎక్కువసార్లు వెళ్లి రావడానికి వీలయ్యేది. సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది గానీ మేము వెళ్లినప్పుడు షెంగెన్‌లో లేదు. అయినా అలాంటి షెంగెన్ వీసా ఉండి, దాంతో ఒకసారి ఆ దేశాల్లో అడుగుపెట్టి ఉంటే సైప్రస్‌కి విడిగా వీసా అడగలేదు. అందుకని మేము ముందు మా అమ్మాయి ఇంటికి వెళ్లి, వారం ఉండి, అక్కడి నుంచి అందరం కలిసి వెళ్లాం. ఒక్కసారికే పనికొచ్చే వీసా అయితే మళ్లీ వెనక్కి రాలేరు, జాగ్రత్త. మీ ఇద్దరికీ జర్మనీ పర్మిట్ ఉంది కాబట్టి మీకు సమస్య ఉండకపోవచ్చు, బీరూట్ నుంచి వచ్చేవాళ్లకి మాత్రం వీసా కావాలి, వాళ్లని ముందే మొదలుపెట్టమను. సైప్రస్ షెంగెన్‌లో చేరే పని నడుస్తోంది, కాబట్టి టికెట్లు తీసేముందు ఆ రోజుకి నిబంధన ఏమిటో సైప్రస్ హైకమిషన్ సైట్‌లో చూసుకోండి. ఇద్దరికీ పాత రిపోర్టులు, మందుల చీటీలు చేతిసంచీలోనే పెట్టించు.

ఇప్పుడు మీ నాన్నగారి మౌనం. మా ఆయన కూడా రెండు నెలలు మాట్లాడలేదు. నేను అల్లుడి కులం, మతం, దేశం గురించి అనుకున్నాను. ఒక రాత్రి అడిగితే అప్పుడు చెప్పారు. "అన్నీ వాళ్లే చూసుకుంటున్నారు, హోటలు వాళ్లే, భోజనాలు వాళ్లే, డబ్బు కూడా వాళ్లే. నేను ఎక్కడ నిలబడాలి?" అన్నారు. ఆడపిల్ల పెళ్లి అంటే ఆ మనిషి పాతికేళ్లుగా మనసులో కట్టుకున్న పందిరి. దాంట్లో ఆయనకి ఒక గుంజ కూడా లేకుండా చేశాం మేము. తెలిసి చేయలేదు, ఆయనకి శ్రమ ఎందుకని చేశాం.

మర్నాడు మా అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నా, తాళిబొట్టు, మెట్టెలు, మధుపర్కాలు మీరే తేవాలి, పురోహితుడితో మాట్లాడే పని కూడా మీదే" అంది. అంతే, ఆ రోజే బజారుకి వెళ్లారు. మధుపర్కాల పంచె అంచు ఎంత ఉండాలని అల్లుడి ఎత్తు కనుక్కోమని నన్ను మూడుసార్లు ఫోన్ చేయించారు. మాకు సివిల్ పెళ్లి పొద్దున, మన పెళ్లి మర్నాడు. వియ్యపురాలు ప్రతిదానికీ అర్థం అడిగింది. కాళ్లు కడిగేటప్పుడు ఆవిడకి కొంచెం ఇబ్బంది అనిపించినట్టుంది, "ఇప్పుడు మీ అబ్బాయి మాకు విష్ణుమూర్తితో సమానం" అని చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నువ్వు కూడా మీ అత్తగారికి ముందే ఒక్కో ఘట్టం అర్థం అరబ్బీలో రాయించి ఇవ్వు. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియకపోతే పరాయివాళ్లలా కూర్చుంటారు, అది బాగుండదు.

తలంబ్రాలు పోసుకుంటుంటే బల్లలు సర్దుతున్న అక్కడి ఆడవాళ్లు పని ఆపి వచ్చి నిలబడ్డారు. వాళ్ల పెళ్లిళ్లలో కూడా కొత్త జంట మీద బియ్యం చల్లుతారట. ఒకావిడ గుప్పెడు తీసుకుని చల్లి, తన భాషలో దీవించింది. వాళ్లు పెళ్లిలో జంట నాట్యం చేస్తుంటే బట్టలకి నోట్లు పిన్నులతో గుచ్చుతారని కూడా చెప్పింది, మన చదివింపుల లాంటిదే. అక్కడ మనం పరాయివాళ్లం అనే భావన నాకు ఆ ఒక్క క్షణంతో పోయింది.

ఆ ఇంటిపేరు పని మీ నాన్నకే అప్పజెప్పు. ఆయనే తిరిగి చేయించాలి.

---

పాత రికార్డులు, విజయవాడ:

ఒక్క మాట మర్చిపోయాను. లెబనాన్ అపోస్టిల్ ఒప్పందంలో లేదు. కాబట్టి పెళ్లయ్యాక సర్టిఫికెట్లు రెండు మూడు ప్రతులు తీసుకోండి. ఇండియా కోసం తీసుకున్న దాని మీద సైప్రస్‌లోనే అపోస్టిల్ వేయించు. అబ్బాయి దేశం కోసం మాత్రం అక్కడి విదేశాంగ శాఖ ధృవీకరణ, ఆ తర్వాత నికోసియాలోని లెబనాన్ రాయబార కార్యాలయం ముద్ర అవసరమవుతాయి. దీవి వదిలిపెట్టే ముందే చేయించుకోండి, దానికోసం ఒక పనిదినం ఖాళీగా ఉంచుకోండి. రాజమండ్రి చెల్లెమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు.

---

గవ్వల సవ్వడి:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. జనన ధృవీకరణలో ఇంటిపేరు పూర్తిగా లేదు నాన్నా, మీరు వెళ్లి చేయించాలి అన్నాను. "రేపు పొద్దున్నే వెళ్తాను, పాత రేషన్ కార్డు కూడా పట్టుకెళ్తాను" అన్నారు. తర్వాత మంగళసూత్రం, మధుపర్కాలు మీరే తేవాలి, పురోహితుడితో మీరే మాట్లాడాలి, అక్కడికి ముహూర్తం విడిగా లెక్కకట్టాలంట అని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్లీ భోజనం చేశావా అంటారేమో అనుకున్నాను.

లోపల బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది, అమ్మని కళ్లజోడు తెమ్మన్నారు. తర్వాత అడిగారు, "ఆ ఊళ్లో వైశాఖంలో సూర్యోదయం ఎన్నింటికమ్మా?"

ఆరింటి ప్రాంతంలో నాన్నా అన్నాను. రాసుకున్నారు.